సమాయిల్ కొండ మీద సైకిల్ చప్పుడు

బైబిల్ మీద చెయ్యి వేసి చెప్పమన్నా ఇదే చెబుతాను. ఒక్క మాట కలపను, ఒక్క మాట దాచను. దయ్యాలున్నాయని నేను అనడం లేదు. ఆ రాత్రి ఈ చెవులతో విన్నది చెబుతున్నాను... అంతే. అది ఏమిటని మాత్రం నన్నడక్కండి.

తొంభైల మొదట్లో సంగతి. ఒమాన్‌లో, సమాయిల్ దగ్గర ఒక రోడ్డు కంపెనీ క్యాంపులో నేను మేల్ నర్సుని. మాది కాకినాడ వైపు. క్లినిక్ అంటే ఒక రేకుల గది, రెండు మంచాలు, ఎప్పుడూ నీళ్ళు కారే ఏసీ. ఎండదెబ్బలు, నలిగిన వేళ్ళు, కళ్ళల్లో సిమెంటు... పగలైనా రాత్రైనా తలుపు కొడితే లేవాల్సింది నేనే. శుక్రవారం ఒక్కటే సెలవు. ఆ శుక్రవారం నాకు కావలసింది నిద్ర. ఇంకేమీ అక్కర్లేదు.

కానీ మా సర్వే ఇంజనీరు ఇయాన్ సార్‌కి శుక్రవారమంటే కొండలు. ఆయనది స్కాట్లాండ్. మస్కట్‌లో ఉన్న తెల్లవాళ్ళు కొందరు సెలవు రోజుల్లో కలిసి కొండలెక్కేవారు. కొందరు నడిచి, కొందరు లావు టైర్ల సైకిళ్ళ మీద. వాళ్ళకి దారులు వెతికి పెట్టే పని ఈయన నెత్తిన వేసుకున్నాడు. ముందుగా వెళ్ళి, ఏ దారి సైకిలుకి పనికొస్తుంది, ఏది నడకకి పనికొస్తుంది అని చూడాలి. రాళ్ళ మీద రంగు గుర్తులు పెట్టాలి. రంగు డబ్బా మోయడానికి గంగన్న. ఎవరికైనా దెబ్బ తగిలితే కట్టు కట్టడానికి నేను. ఆయన మర్యాదగా అడిగేవాడు. అదే ఇబ్బంది. గద్దించి ఉంటే ఏదో సాకు చెప్పి తప్పించుకునేవాణ్ణేమో.

గంగన్నది జగిత్యాల దగ్గర పల్లె. నాకంటే పెద్దవాడు. సైట్‌లో షట్టరింగ్ పని. వారమంతా ఇనుము మోసిన భుజం మీదే ఆ శుక్రవారం రంగు డబ్బా పెట్టుకుని జీపు ఎక్కాడు.

“సామేలు తమ్మీ, గీ తెల్లోనికి కాళ్ళల్ల చక్రాలున్నయా ఏంది? ఆరు దినాలు సైట్ల తిరిగింది సాలదా?” అన్నాడు మెల్లగా.

“ఊరుకో అన్నా. సాయంత్రానికి వచ్చేద్దాం. వచ్చి పడుకుందాం” అన్నాను.

చలికాలం. మధ్యాహ్నం భోజనాలయ్యాక బయలుదేరాం. ఎండిపోయిన వాదీలో... వాదీ అంటే వానొస్తేనే పారే ఏరు... గులకరాళ్ళ మీద జీపు ఆపి, పాత గాడిదల బాట పట్టుకుని పైకెక్కాం. ఇయాన్ సార్ సైకిల్ని కొంత తొక్కి, కొంత తోసి, కొంత భుజానేసుకుని ముందు నడిచాడు. మాకు ఆయాసం. ఆయనకి మాటలు.

“మా దేశంలో కొండలు తడిగా ఉంటాయి, సామ్యూల్. గడ్డి, బురద. పడితే మెత్తగా పడతాం. ఇక్కడ రాయి పళ్ళు బయటపెట్టుకుని కూర్చుంటుంది. అందుకే దారి ముందే చూసుకోవాలి.”

కొండ నడుమ ఒక కనుమ ఉంది. మేం ఎక్కిన బాట కాక, అక్కడి నుంచి కిందికి ఇంకో రెండు దారులు. కుడి వైపుది వంపులు తిరుగుతూ మెల్లగా దిగుతుంది. ఎడమ వైపుది పలకరాళ్ళ మీదుగా నిటారుగా దిగుతుంది. రెండూ చివరికి జీపు ఉన్న చోటే కలుస్తాయి. ఎడమది సైకిళ్ళకి బాగుంటుందేమోనని ఆయనకి ఆశ. దాన్ని ఆయన తొక్కి చూస్తాడు. మేం కుడి దారిన గుర్తులు పెట్టుకుంటూ దిగాలి. కింద కలుద్దామని జీపు తాళాలు నాకిచ్చి, నవ్వుతూ ఎడమకి తిరిగాడు. పలకరాళ్ళ మలుపులో ఎర్ర చొక్కా కాసేపు కనబడింది. తర్వాత లేదు.

మేం కిందికి చేరేసరికి సూర్యుడు కొండ వెనక్కి పోయాడు. జీపు దగ్గర ఎవరూ లేరు.

మొదట సంతోషించాం. నిజం. కాసేపు కూర్చోవచ్చు కదా అని. గంగన్న బూట్లు విప్పి కాళ్ళు రాసుకున్నాడు. నేను సీట్లో తల వెనక్కి వాల్చాను. చీకటి పడింది. చలి మొదలైంది. ఆయన రాలేదు. హారన్ కొట్టాం. కొండ మమ్మల్నే వెక్కిరించినట్టు అదే హారన్ తిరిగి వచ్చింది. తర్వాత ఏమీ లేదు. గాలి కూడా లేదు.

అప్పుడు వినబడింది.

టిక్... టిక్... టిక్...

తొక్కడం ఆపి సైకిల్ని ఊరికే తోస్తూ నడిస్తే వెనక చక్రం చేసే చప్పుడు. చిన్నప్పటి నుంచి విన్నదే కదా. ఎడమ దారి నుంచి వస్తోంది. ఆగి ఆగి... అలసిపోయినవాడు హ్యాండిల్ పట్టుకుని నడిపించుకొస్తున్నట్టు.

“అగో, అస్తున్నడు” అన్నాడు గంగన్న. లేచి బూట్లు వేసుకోబోయాడు.

“సార్?” అన్నాను.

జవాబు లేదు. టిక్... టిక్... దగ్గరకొచ్చింది. సార్ సైకిలుకి దీపముంది, కానీ వెలుగేమీ కనబడలేదు. పాడైందేమో అనుకున్నాను. అప్పుడు ఒక సంగతి తట్టింది. మేం నిలబడింది గులకరాళ్ళ మీద. పిల్లి నడిచినా కరకరమంటాయి. ఆ చప్పుడుతో పాటు అడుగుల చప్పుడు లేదు. టైరు కింద రాయి కదలడం లేదు. ఒక్క టిక్ టిక్ మాత్రమే... మోకాలి ఎత్తున... గాల్లో.

“లైటెయ్యి తమ్మీ” అన్నాడు గంగన్న.

మా ఇద్దరికీ బండి నడపడం రాదు. నాకు లైట్లు వేయడం మాత్రం వచ్చు. వేశాను. తెల్లని గులకరాళ్ళు, రెండు ముళ్ళ పొదలు, అవతల గట్టు... అంతా పట్టపగల్లా కనబడింది. ఎవరూ లేరు.

చప్పుడు ఆ వెలుగులోకి వచ్చింది.

ఎడమ పక్క నుంచి... మా ముందు నుంచి... జీపు బంపరుకి మూర దూరంలో... టిక్... టిక్... టిక్... కంగారు లేదు దానికి. నేను చూపు ఎటు తిప్పితే అది కొంచెం ముందుంటోంది. అలా వెలుగు దాటి, కుడి పక్క చీకట్లోకి పోయింది. మేం అప్పుడే దిగొచ్చిన దారినే పైకెక్కడం మొదలుపెట్టింది. చాలాసేపు వినబడింది. తర్వాత తగ్గిపోయింది.

గంగన్న జీపులోకి వచ్చి తలుపు మూసుకున్నాడు. బయటికి దిగాలని లేదు. కానీ ఇయాన్ సార్ పైనున్నాడు. రాకపోవడానికి ఒకటే కారణం ఉంటుంది... ఎక్కడో పడి ఉంటాడు. రక్తం కారుతుంటే చలిలో తెల్లారేదాకా ఆగుతాడా? నేను నర్సుని. అది తెలిసి కూర్చోవడం నా వల్ల కాలేదు. భయం ఒక పక్క, ఒంట్లో ఓపిక లేకపోవడం ఒక పక్క. రెండో దానికే ఎక్కువ ఏడుపొచ్చింది.

“ఎడమ దారిన ఎల్దాం అన్నా. అది అటు పోలేదుగా” అన్నాను.

గంగన్న బూట్ల తాళ్ళు బిగించి కట్టుకున్నాడు. “మనిషైతే ఆడున్నడు. పా” అని దిగాడు.

టార్చితో, చేతికర్రతో, మందుల సంచితో ఎక్కాం. పేరు పెట్టి పిలుస్తూ, ఆగుతూ, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంటూ. కనుమ ఇంకా పైనుందనగా ఒక గొంతు వినబడింది.

“మళ్ళీ వచ్చారా?”

రెండు పలకరాళ్ళ మధ్య పడి ఉన్నాడు. కాలు మోకాలి కింద విరిగింది. పక్కనే సైకిలు. వెనక చక్రం పూరీలా మడతపడి ఇనుప చట్రంలో ఇరుక్కుపోయింది. గంగన్న దాన్ని పక్కకి నెట్టబోతే ఈడ్చుకుంటూ కదిలింది గాని చక్రం తిరగలేదు. అది చూసి మేం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం.

తలకి దెబ్బేమైనా తగిలిందా అని తడిమి చూశాను. లేదు. కళ్ళలోకి టార్చి వేశాను. సరిగానే ఉన్నాయి. పేరు, రోజు అడిగితే సరిగ్గా చెప్పాడు. కానీ గొంతులో కోపం.

“ఇందాక ఎందుకు ఆగలేదు?” అన్నాడు.

“ఎప్పుడు సార్?”

“చీకటి పడ్డాక. ఒకసారి పైకి పోయారు, ఒకసారి కిందికి. నా కాళ్ళ పక్కనుంచే. టార్చి కూడా లేకుండా. మీ అడుగులు విన్నాను. మీ భాష విన్నాను. రెండోసారి ఇక్కడే, ఈ రాయి మీదే కూర్చుని మాట్లాడుకున్నారు. నేను అరుస్తూనే ఉన్నాను, సామ్యూల్.”

“మేం కిందే ఉన్నాం సార్. జీపు దగ్గర.”

ఆయన నమ్మలేదు. మొహం పక్కకి తిప్పుకున్నాడు.

“ఏమంటుండు?” అన్నాడు గంగన్న.

“నొప్పంటున్నాడు” అన్నాను.

చేతికర్రని రెండుగా విరిచి, గంగన్న తువ్వాలు చింపి కాలుకి కట్టాను. మనిషి ఆరడుగుల పైనే. గంగన్న వీపు మీద ఎక్కించుకున్నాడు. టార్చి పళ్ళతో కరిచిపట్టుకుని, విరిగిన కాలు కదలకుండా రెండు చేతులా పట్టుకుని నేను పక్కన నడిచాను. దిగుతున్నంతసేపూ గంగన్న మూలుగు ఒక్కటే. ఎన్నిచోట్ల ఆగామో గుర్తు లేదు. ఒకచోట వెడల్పు రాయి దొరికితే ఆయన్ని మెల్లగా దించాం. గంగన్న నోరు తెరిచి గాలి పీలుస్తున్నాడు. నేను కాలు వదల్లేదు, కాబట్టి టార్చి నోట్లోనే ఉంది.

టిక్... టిక్... టిక్...

ఎదుటి వాలు మీద. కుడి దారిలో. ఇప్పుడు కిందికి దిగుతోంది... మాతో సమానంగా. మేం ఆగితే అదీ ఒకచోట నిలిచి, ఊరికే చక్రం తిప్పుతున్నట్టుంది. గంగన్న నా వైపు చూశాడు. విన్నాడు.

అదే క్షణాన ఇయాన్ సార్ వేలెత్తి ఆ వాలు వైపే చూపించాడు.

“అదిగో... మళ్ళీ మాట్లాడుకుంటున్నారు. మీ భాషే” అని మా వైపు తిరిగాడు.

నా నోట్లో టార్చి. గంగన్న నోట్లో ఆయాసం. ఆయన మా ఇద్దరి నోళ్ళూ మార్చి మార్చి చూశాడు.

“మీరు కాదు” అన్నాడు.

నేను తల అడ్డంగా ఊపాను. దానితో పాటు వెలుగు కూడా రాళ్ళ మీద ఇటూ అటూ ఊగింది. గంగన్న మళ్ళీ వంగితే, మెడ చుట్టూ చేతులు వేసి చిన్నపిల్లాడిలా గట్టిగా పట్టుకున్నాడు.

కిందికి వచ్చాక మరేమీ వినబడలేదు. తెల్లవారుజామున ఖర్జూరం తోటకి నీళ్ళు మళ్ళించడానికి ఒక ఒమానీ ముసలాయన పికప్‌లో వచ్చాడు. ఏమీ అడక్కుండానే మమ్మల్ని ఎక్కించుకున్నాడు. దారిలో, ఇక్కడ ఎవరైనా సైకిలు తొక్కుతారా అని నాకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో అడిగాను. రాళ్ళ వైపు చేయి చూపించి నవ్వాడు. ఈ రాళ్ళలో ఎవడు తొక్కుతాడని.

ఇయాన్ సార్‌ని మస్కట్‌లో పెద్దాసుపత్రికి పంపారు. తర్వాత ఒక శుక్రవారం నేను వెళ్ళి చూశాను. కాలు పైకి కట్టి ఉంది. మనిషి చిక్కిపోయాడు.

“ఆ కొండ వద్దని మావాళ్ళకి చెప్పేశాను. రెండు దారులూ వద్దన్నాను. రాళ్ళు వదులుగా ఉన్నాయని చెప్పాను” అన్నాడు.

నేను లేవబోతుంటే ఆపాడు. “నా పక్కన కూర్చున్నప్పుడు వాళ్ళు ఒకే మాట చాలాసార్లు అన్నారు. దానికి అర్థమేమిటో చెబుతావా?” అని, గుర్తు చేసుకుంటూ, నాలుక తడబడుతూ ఆ మాట అన్నాడు.

“ఉందాం... ఉందాం.”

కాస్త వంకరగా పలికాడు గాని, తెలుగే. ఇక్కడే ఉండిపోదామని అర్థం సార్, అని చెప్పాను. ఆయన తలాడించి కిటికీ వైపు తిరిగాడు. కాలు నయమయ్యాక సొంత దేశం వెళ్ళిపోయాడు. మళ్ళీ కలవలేదు.

ఆ సాయంత్రం క్యాంపుకి వచ్చి గంగన్నకి అంతా చెప్పాను. మంచం మీద పడుకుని విన్నాడు. లేచి కూర్చున్నాడు.

“ఆ దినం కొండెక్కుతుంటె నువ్వన్నవా ఆ మాట?”

“నేనెందుకంటానన్నా? ఆ రోజంతా రూమ్‌కి ఎప్పుడు పోదామా అనే చూశాను.”

“నేను గూడ అనలే” అన్నాడు. కొంచెంసేపు తలుపు వైపు చూసి, “మరి సార్ పక్కన కూసున్నదెవరు తమ్మీ?” అన్నాడు.