రెండో తాళంచెవి

నైట్ షెల్టర్‌లో వీర్రాజుకు ఈ రోజు ఆఖరి రోజు. ఆటోనగర్ మెకానిక్ షెడ్ల ముందు ఏళ్ల తరబడి పడుకుని, ఆ తర్వాత షెల్టర్‌కి చేరిన మనిషికి మా సంస్థ ఒక గది ఇప్పించింది. వాలంటీరుగా నేనే తీసుకెళ్లి రెండు తాళంచెవులూ చేతిలో పెట్టాను. ఒకటి తిరిగిచ్చేశాడు.

"మీ దగ్గరుంచండి సార్. ఏ పొద్దున్నో నేను లేవకపోతే కొత్త తలుపు బద్దలు కొట్టేస్తారు. మరి మీ ఇంటిది ఎవరి దగ్గరుందండీ?"

"మా ఆవిడ దగ్గర" అన్నాను అలవాటుగా.

"అమ్మగారు పోయి ఏడాదైంది కదండీ!"

నిజమే. అది ఇంకా ఆమె హ్యాండ్‌బ్యాగులోనే ఉంది.

గది ఇచ్చాక మనిషిని రోజూ పలకరించాలని మాకు ట్రైనింగ్ ఇచ్చారు. సొంత ఇంట్లో ఒక్కడే ఉండేవాణ్ని ఎవరు పలకరించాలో చెప్పలేదు. ఇది చదువుతున్న మీ రెండో తాళంచెవి ఎవరి దగ్గరుంది? రేపు పొద్దున్నే ఆ బ్యాగు తెరిచి, నాది వీర్రాజుకు ఇచ్చి వస్తాను.