ఎడమ చేతిలో ఇసుక మూట

ఆ రోజు పొద్దున దుమ్ముగూడెం ఆనకట్టకు ఎగువన, ఒడ్డు మీద ఉన్నవీ ఉన్నవాళ్లూ: ఎర్ర గుడ్డలు కట్టిన రెండు వెదురు గడలు, వాటి మధ్య వంద మీటర్ల నీళ్లు. ఒక నాటు పడవ, అందులో ఇద్దరు పడవవాళ్లు, గాలి నింపిన ఒక లారీ ట్యూబు. మడత కుర్చీలో ఇంజనీరు, ఆయన మెడలో స్టాప్‌వాచీ. పేర్లు పిలవడానికి ఒక గుమస్తా. తుమ్మచెట్టు కింద జీపు, జీపు ముందు సీట్లో పేపరు చదువుకుంటున్న డాక్టరు. నిక్కర్లు వేసుకుని చేతులు కట్టుకున్న తొమ్మిదిమంది అభ్యర్థులు, అందులో నేనొకణ్ణి. నా చొక్కా, చెప్పులు పట్టుకుని మా బావ. ఇక నా కుడి భుజం. దాన్ని విడిగా రాస్తున్నానంటే కారణం ఉంది. అది నాతో పాటు వచ్చింది గానీ అప్పటికి నా మాట వినడం మానేసింది.

ఇది ఎనభైల మధ్యలో సంగతి. నేను ఖమ్మంలో గది కిరాయికి తీసుకుని సివిల్ డిప్లొమా చదివి ఇంటికి వచ్చాను. అప్పటికే రెండు ఇంటర్వ్యూలు పోయాయి. గోదావరి మట్టం, నీటి వేగం కొలిచే ఒక ఆఫీసులో వర్క్ అసిస్టెంట్ ఖాళీ పడింది. వరదలో పడవ మీద నిలబడి చేసే పని కాబట్టి ముందు ఈత పరీక్ష పెట్టారు. నాలుగు వందల మీటర్లు, మధ్యలో పడవనో గడనో పట్టుకోకుండా ఈదాలి. ఆ తరువాత డాక్టరు చూస్తాడు. సర్కారు కొలువుకు నా వయసు ఆ ఏడాదితో దాటిపోతుంది. అంతకు ముందు వానాకాలంలో మాకున్న లంక భూమిని ఏరు కోసుకుపోయింది. మిరప వేసిన చోట ఇప్పుడు పడవలు తిరుగుతున్నాయి. నాన్న రోజూ ఒడ్డున కూర్చుని ఆ నీళ్ల దిక్కే చూసేవాడు. ఈ ఉద్యోగం రాకపోతే ఏం చేయాలనే ప్రశ్నను మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అనడానికి భయం.

ఈత నాకు కొత్త కాదు. లంకలో పొలం ఉన్న ఇంట్లో ఈత రానివాడు ఉండడు. కానీ మేం నేర్చుకున్న తీరు వేరు. అవతలి ఒడ్డుకు పోయాక కట్టుకోవడానికి పొడి బట్టలు కావాలి. అందుకని బట్టల మూట ఎడమ చేత్తో నీళ్ల మీదికి ఎత్తిపట్టుకుని, తల పైకి పెట్టి, కుడి చేత్తోనే బారలు వేస్తూ ఏరు దాటుతాం. మూట తడవకుండా దాటినవాడే ఈతగాడు. చిన్నప్పటి నుంచి నా ఎడమ చెయ్యి మూట మోసేది, కుడి చెయ్యి నన్ను మోసేది.

పరీక్షకు నన్ను తయారు చేస్తానని మా బావ ముందుకొచ్చాడు. బావ అంటే మా అక్క భర్త. రేవులో పడవ నడిపేవాడు. ఆయన లెక్క సూటిగా ఉండేది. పరీక్షలో మూట ఉండదు, కాబట్టి సాధనలో మూట బరువు పెంచితే పరీక్ష తేలికవుతుంది. మొదటి రోజే ఒక పాత తువ్వాలులో తడి ఇసుక పోసి ముడేసి నా ఎడమ చేతికి ఇచ్చాడు.

"ఇదేంది బావా?"

"నీ కట్నం. పైకి పట్టు. తడిసిందంటే మళ్లా మొదటి నుంచి."

"ఇసుక తడిసే ఉంది గదా."

"డిప్లొమా తెలివి ఒడ్డున పెట్టి దిగు బామ్మర్దీ."

రోజూ తెల్లవారగానే దిగేవాణ్ణి. వారానికోసారి బావ ఇంకో దోసెడు ఇసుక కలిపేవాడు. దూరం కూడా ఆ వారమే పెంచేవాడు. నేను యంత్రాల గురించి కొంత చదువుకున్నవాణ్ణి. బరువూ వేగమూ ఒకేసారి పెంచితే బేరింగు ఏమవుతుందో నాకు పాఠంలో ఉంది. భుజం కూడా ఒక బేరింగే అని మాత్రం తోచలేదు.

నొప్పి నేను అనుకున్నట్టు రాలేదు. ఈదేటప్పుడు ఏమీ ఉండేది కాదు. ఇంటికొచ్చి చొక్కా తొడుక్కునేటప్పుడు భుజం ముందు భాగంలో సూది గుచ్చినట్టు అయ్యేది. తరువాత బస్సులో పైన కమ్మీ పట్టుకుంటే వచ్చింది. తరువాత కుడి పక్కకు తిరిగి పడుకోలేకపోయాను. ఆఖరికి బార వేసిన ప్రతిసారీ, చెయ్యి చెవి పక్కకు రాగానే, లోపల ఏదో నలిగేది.

బావకు చెప్పాను.

"ఏంది, గింతదానికేనా? నీళ్లల్ల వచ్చిన నొప్పి నీళ్లల్లనే పోవాలె. ఒడ్డున కూసుంటే గడ్డకడ్తది."

మా రేవులో ఈ మాట అందరూ నమ్మేవాళ్లు. జాలరులు, పడవవాళ్లు, చివరికి మా అమ్మ కూడా. రాత్రి ఇప్పనూనె వేడి చేసి అమ్మ మాలిష్ చేసేది, ఉప్పు మూటతో కాపడం పెట్టేది. తెల్లవారితే బావ నీళ్లల్లోకి తోలేవాడు. నేనూ ఎదురు చెప్పలేదు. ఆగితే పరీక్ష పోతుంది, ఆగకపోతే నొప్పి పోతుందంటున్నారు. నాకు కావాల్సిన మాటే వాళ్లు చెప్తున్నారు.

ఒకరోజు అన్నం ముద్ద కుడి చేత్తో నోటిదాకా ఎత్తలేక ఎడమ చేతిలోకి మార్చుకున్నాను. అమ్మ చూసింది. ఎడమ చేత్తో తింటున్నందుకు తిట్టబోయి ఆగిపోయింది.

"దవాఖానాకు పో బిడ్డా. మీ బావకు నేను చెప్పుకుంటా" అంది.

భద్రాచలంలో చూసిన డాక్టరు కోస్తా వైపు మనిషి. నా చెయ్యి పట్టుకుని పక్కకు, పైకి, వెనక్కి తిప్పి చూశాడు. ఒక చోట నేను కేక పెడితే అక్కడే ఇంకోసారి తిప్పాడు.

"ఏం చేస్తుంటావు బాబూ? దీన్ని ఇంత పాడు చేయడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదే!"

ఇసుక మూట సంగతి చెప్పాను. ఆయన నవ్వబోయి, నా మొహం చూసి నవ్వలేదు. బల్ల మీద కాగితం తీసి బొమ్మ గీశాడు. భుజం పైన ఎముక చూరులా ముందుకు వంగి ఉంటుంది. దాని కింద ఇరుకు సందులోంచి, కండను చేతి ఎముకకు కట్టే తాడు పోతుంది. చెయ్యి పైకెత్తిన ప్రతిసారీ ఆ తాడు చూరుకు ఒరుసుకోకుండా, భుజం రెక్క కండలు కీలును గుంటలో సరిగ్గా పట్టి ఉంచాలి. అవి అలిసిపోతే కీలు పైకి జరుగుతుంది, తాడు నలుగుతుంది.

"గిలక గాడిలోంచి తప్పి, చేదతాడు ఇనుప అంచుకు ఒరుసుకున్నట్టా సార్?" అన్నాను.

"అంతే. తెగబోతున్నా తోడుతూనే ఉన్నావు."

ఆయన చెప్పినవి అప్పుడే రాసుకున్నాను. రోజూ ఈదేవాళ్లకు పనికొస్తాయని ఇక్కడ పెడుతున్నాను. నొప్పి ఉన్నన్నాళ్లు చెయ్యి భుజం కన్నా పైకి ఎత్తే ఈత వద్దు. కొత్తగా వాపు, మంట ఉన్నప్పుడు కాపడం కాదు, కుండలో నీళ్లతో తడిపిన గుడ్డ వేయాలి. నొప్పి ఉన్న పక్కకు పడుకోకూడదు. నీళ్లల్లోకి దిగే ముందు ఒడ్డునే చేతులు మెల్లగా తిప్పి ఒళ్లు వేడెక్కించుకోవాలి. ఊపిరికి తల ఎప్పుడూ ఒకే పక్కకు తిప్పకూడదు, అటూ ఇటూ మార్చాలి. చెయ్యి ఒక్కటే కాదు, నడుం నుంచి ఒళ్లంతా ఆ పక్కకు దొర్లాలి. దూరం పెంచిన వారం బరువు పెంచకూడదు. అసలు బరువే వద్దు. ఇక అన్నిటికన్నా ముఖ్యమని ఆయన వేలు చూపించి చెప్పింది, నొప్పి మీద ఈదకూడదు. భుజం రెక్క కండలకు బలం రావడానికి పాత సైకిలు ట్యూబు గుమ్మానికి కట్టి, మోచెయ్యి నడుముకు ఆనించి, చేతిని బయటి వైపుకు లాగమన్నాడు.

"ఎన్నాళ్లు సార్?"

"రెండు నెలలు. తరువాత మెల్లగా నీళ్లల్లోకి."

పరీక్ష వానల తరువాత ఉంటుందని గుమస్తా చెప్పి ఉన్నాడు. రెండు నెలలు సరిపోతాయి. బస్సులో ఇంటికి వస్తుంటే ఎంతో కాలం తరువాత ఊపిరి ఆడినట్టయింది.

ఇంటి పక్క గోడకు వీపు ఆనించి నిలబడి కుడి చెయ్యి పక్కనుంచి ఎంత లేస్తే అంత ఎత్తి, వేళ్ల చివర బొగ్గుతో గీత పెట్టించుకున్నాను. భుజం దగ్గర ఒక చుక్క. గీత కలిపి, నా డిప్లొమా పెట్టెలోని కోణమానినితో కొలిచాను. ఎడమ చెయ్యి నిటారుగా లేస్తుంది, నూట ఎనభై. కుడిది నూట ఇరవై. అమ్మ ఆ గీతలు చూసి, "గోడ ఖరాబు చేస్తున్నవ్, రెక్క బాగైనంక సున్నం నువ్వే కొట్టాలె" అంది.

బావ వచ్చి ట్యూబు లాగుతున్న నన్ను చూశాడు. "గుమ్మానికి కట్టేసిన లేగదూడ లెక్కున్నవ్" అన్నాడు. కానీ ఇసుక మూట మళ్లీ తేలేదు. మరునాడు ఆయనే ఇంకో ట్యూబు తెచ్చాడు, సైకిలు షాపులో అడిగి, అతుకులు లేనిది చూసి. ట్యూబు లాగడం మొదలుపెట్టిన కొద్ది వారాలకు గోడ మీద గీత నూట యాభైకి లేచింది. రాత్రి నిద్ర పట్టింది.

అప్పుడు ఆఫీసు నుంచి కార్డు వచ్చింది. పరీక్ష వానల తరువాత కాదు. వానలు పడకముందే, ఏరు నిలకడగా ఉండగానే పెడుతున్నారు. వచ్చే సోమవారం.

బావ ఆ కార్డును రెండుసార్లు చదివించుకున్నాడు. "డాక్టర్ ఏమంటడు?" అన్నాడు, మొదటిసారి.

"ఆయన చెప్పిన గడువు సగం కూడా కాలేదు."

"మరి?"

ఏటి ఒడ్డున నాన్న కూర్చునే చోటు వైపు ఇద్దరం చూశాం. మరునాడు తెల్లవారి నేను నీళ్లల్లోకి దిగాను. బావ ఒడ్డున నిలబడి, నేను ఒకే పక్కకు ఊపిరి తీసుకుంటే చేత్తో రెండో పక్క చూపించేవాడు. నాలుగు రోజుల ఈతకు గోడ మీద గీత నూట ముప్పైకి దిగింది. ఆ గీత పక్కన తేదీ రాయలేదు.

సోమవారం గుమస్తా నా పేరు పిలిచాడు. నలుగురు ఒకేసారి దిగాం. నేను దిగే ముందే ఒడ్డున చేతులు తిప్పాను, రెండు పక్కలా ఊపిరి తీసుకున్నాను, నడుం నుంచి దొర్లాను. మొదటి వంద మీటర్లు బాగానే ఉంది. గడ తిరిగి వచ్చేటప్పుడు పక్కనున్నవాడు నన్ను దాటాడు. అతన్ని అందుకోవాల్సిన పని లేదు, ఆగకుండా ఈదితే చాలు. కానీ ఎవరో దాటిపోతుంటే చిన్నప్పటి చెయ్యి తనంతట తానే లేచింది. తల పైకి పెట్టి, కుడి చేత్తో గట్టిగా బార వేశాను. ఎడమ చెయ్యి లేని మూటను పట్టుకున్నట్టు నీళ్ల మీద ఆగింది. లోపల పాత గుడ్డ చిరిగినట్టు అయ్యింది. చప్పుడు నాకు చెవిలో కాదు, పళ్లల్లో వినిపించింది.

కుడి చెయ్యి ఇక లేవలేదు. ఒడ్డు నుంచి బావ కేక వినిపించింది.

"పక్కకు! బామ్మర్దీ, ఎడమ పక్కకు పండు! ఎడమదే ముందుకు చాపు!"

ఎడమ పక్కకు ఒరిగాను. ఎడమ చెయ్యి ముందుకు చాచి లాగుతూ, కుడి చెయ్యి తొడకు ఆనించుకుని, కాళ్లతో కత్తెర వేసుకుంటూ పోయాను. నీళ్లు మింగాను. పడవ నా పక్కకే వచ్చింది, ట్యూబు నా మొహం ముందు ఊగింది. పట్టుకుంటే బతుకుతాను, ఉద్యోగం పోతుంది. పట్టుకోలేదు. ఆఖరు గడ తాకినప్పుడు అందరికన్నా చివర ఉన్నాను, కానీ తాకాను.

ఇంజనీరు వాచీ నొక్కి, "పాస్" అన్నాడు.

బావ నీళ్లల్లోకి చెప్పులతోనే దిగి నన్ను లేపాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. "అయిపోయింది, ఇగ అయిపోయింది" అంటూనే ఉన్నాడు.

జీపు దగ్గర డాక్టరు గుండె చూశాడు, కళ్లు చూశాడు, పళ్లు చూశాడు. తరువాత, "రెండు చేతులూ చెవులకు ఆనించి పైకెత్తు" అన్నాడు.

ఎడమ చెయ్యి ఎత్తాను. కుడి చెయ్యి ఎత్తాను, భుజం ఎత్తు దాటగానే ఆగిపోయింది.

డాక్టరు ఇంజనీరు వైపు చూశాడు. బావ మధ్యలోకి వచ్చాడు. "సార్, ఈదిండు గదా సార్. మీ కండ్ల ముంగటనే ఈదిండు. గా చెయ్యి వారంల లేస్తది. కాదంటే నా రెక్క చూసుకోండ్రి, ఇద్దరం ఒక్కటే ఇల్లు."

ఇంజనీరు కోప్పడలేదు. "ఈదాడు, కాదనను. వరదలో పడవ తిరగబడుతుంటే ఏటికి అడ్డంగా పైన కట్టిన తీగ అందుకోవాలయ్యా. ఏ చేత్తో అందుకుంటాడు?"

ఆయన అడిగింది సరైన ప్రశ్న. గుమస్తా జాబితాలో నా పేరు కొట్టేశాడు.

నడిచే ఇంటికి వచ్చాం. చొక్కా ఒక చేతికే తొడుక్కున్నాను, రెండో వైపు భుజం మీద వేసుకున్నాను. అమ్మ గుమ్మంలో నిలబడి ఇద్దరి మొహాలు చూసి లోపలికి పోయింది. గుమ్మానికి ట్యూబు ఇంకా వేలాడుతోంది.

నేను పోయి గోడకు వీపు ఆనించి నిలబడ్డాను. చెయ్యి ఎంత లేస్తే అంత ఎత్తాను. బావ నేల మీద బొగ్గు ముక్క వెతికి తీసి, నా వేళ్ల చివర గీత పెట్టాడు. గీత వంకరగా వచ్చింది. మళ్లీ ఒకసారి సరిగ్గా గీయమన్నాను. కోణమానిని పెట్టి చూశాను.

నూట ఐదు డిగ్రీలు.