మేనమామ జలుబు

ఆ రోజుల్లో నా ఒంటి మీద నాకున్న గర్వాన్ని ఎవరైనా తూకం వేసి ఉంటే, రాయపూర్‌లో లారీలకెక్కే ఇనుము కంటే ఎక్కువే తూగేది. ఇరవై మూడేళ్లు. అక్కడి ఉర్లా పారిశ్రామికవాడలో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో సూపర్‌వైజరుగా చేరాను (నా కింద ఎవరూ లేరు, అది వేరే సంగతి). జలుబుకు సెలవు పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. రోజూ వెల్డింగ్ పొగ మింగేవాణ్ణి, నన్ను చీమిడి ఏం చేస్తుందని నా ధీమా. అలాంటి మేధావికి, అక్క కొడుకు బారసాలకు సరిగ్గా రెండు రోజుల ముందు జలుబు పట్టింది.

మా ఇళ్లల్లో మేనమామ పిల్లవాడి చెవిలో మూడుసార్లు పేరు చెప్పాలి. మా నాన్న రైల్వే క్వార్టర్లో చుట్టాలందరూ నన్నే చూసే ఆ క్షణాన్ని వదులుకోవడం నా వల్ల కాలేదు. రహస్యంగా మాత్ర మింగి కొత్త చొక్కా తొడుక్కున్నాను. శ్రీకాకుళం నుంచి వచ్చి నలభై ఏళ్లయినా యాస పోని మా నాన్నమ్మ ఒక్కతే పసిగట్టింది.

“ఏట్రా, ముక్కు ఎర్రగుంది? పిల్లడి కాడికి ఎల్లకు. దూరంనుంచి అచ్చింతలెయ్యి, సాలు.”

“కుచ్ నహీ నాన్నమ్మా, దుమ్ము. నువ్వు ఊరికే టెన్షన్ పడకు,” అని వంగి, పసివాడి చెవికి నోరు ఆనించి మూడుసార్లు చెప్పాను. ఉత్సాహం ఆగక నాలుగోసారి కూడా.

నేను రెండు రోజులు తుమ్మి, మూడో రోజు డ్యూటీకి వెళ్లి సమోసాలు తిన్నాను. నాన్న వారం రోజులు దగ్గారు. నాన్నమ్మకు డొక్కలు పట్టేసి మంచం దిగడమే కష్టమైంది. నెల నిండని పసివాడు పాలు మానేశాడు. ఊపిరి తీస్తుంటే పక్కటెముకలు లోపలికి గుంజుకుపోయేవి. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు.

“ఘర్ మే సర్దీ కిస్‌కో థీ?” అని, ఇంట్లో జలుబు ఎవరికుండేదో డాక్టరు అడిగాడు. పెద్దవాళ్లకు ముక్కుతో పోయే వైరస్సే పసివాళ్ల సన్నని ఊపిరి గొట్టాల్లో దిగితే ప్రాణం మీదికి తెస్తుందన్నాడు.

“ఇంకెవరికి? ఆ ముసలావిడ దగ్గు వింటూనే ఉన్నాం కదా,” అంది అక్క అత్తగారు. పొగ మింగే వీరుడు గోడ మీద క్యాలెండరును శ్రద్ధగా చదివాడు.

ఇంటికెళ్లి ఆ మాట నాన్నమ్మకు చెప్పాను. ఆమె దగ్గు ఆపుకుని, “పోన్లేరా, నన్నంటే నాకేటయిపోద్ది? నువ్వు సెప్పకు,” అంది. నన్నెంత తిట్టినా అంత సిగ్గు వేసేది కాదు.

మర్నాడు పొద్దున్నే ఆస్పత్రికి వెళ్లి, “అక్కా, నాన్నమ్మ కాదు, నేనే,” అన్నాను.

అక్క పిల్లవాడి మీంచి చూపు తిప్పలేదు. “తెలుసురా గాడిదా. నీ నోటితో ఎప్పుడంటావా అని చూస్తున్నా. వెళ్లి మా అత్తగారికి చెప్పు.”

చెప్పాను. వరండా అంతా వినేలా ఆవిడ పెట్టిన తిట్లలో ఒక్కటీ అన్యాయంగా లేదు. ఐదో రోజుకు ఆక్సిజన్ తీసేశారు. పిల్లవాడు ఆబగా పాలు తాగుతుంటే, తలుపు బయట నిలబడి (లోపలికి నాకు నిషేధం) చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాను. నాన్నమ్మ లేచి తిరగడానికి మాత్రం నెల పైనే పట్టింది.

ఆ బారసాల ఫొటో అక్క ఇంట్లో ఇప్పటికీ గోడ మీద ఉంది. కళ్లు మూసుకుని, తుమ్ము బిగబట్టి, పసివాడి మీదికి వంగిన ఆ మూర్ఖుణ్ణి చూసి కొత్త చుట్టాలు, “మేనమామ ఎంత భక్తిగా చెబుతున్నాడో!” అంటారు. అక్క నా వైపు చూస్తుంది. నేను నాకంటే జానెడు పొడుగెదిగిన మేనల్లుడి వైపు చూసి, నవ్వి ఊరుకుంటాను.