పదకొండు బొట్లు

పుంగనూరు పుస్తకశాలలో పద్దెనిమిది వందల నలభై మూడు పుస్తకాలుండేవి. ఏ నంబరు చెప్పినా అది ఏ బీరువాలో ఏ వరసలో ఉందో గంగప్ప కళ్లు మూసుకుని చెప్పేవాడు. చదివింది ఊరి బడిలో ఐదో తరగతి. కన్నడం సొంతంగా నేర్చుకున్నాడు. బీరువా బీరువాకీ వేపాకు పెట్టి, పదిహేనేళ్లలో ఒక్క పుస్తకాన్ని చెదలకియ్యలేదు, ఒక్కదాన్ని పోగొట్టలేదు. పేపరు చదవడానికొచ్చిన వాళ్లకు ఇవన్నీ అడగకపోయినా చెప్పేవాడు.

1979లో ఒక శనివారం పొద్దున కార్డు వచ్చింది. పుస్తకశాలను సర్కారు తీసుకుంటోంది. సోమవారం మదనపల్లె నుంచి ఆఫీసరు వచ్చి లిస్టు సరిచూస్తాడు. అన్నీ ఉంటే గంగప్ప పర్మనెంటు. ఒక్కటి తగ్గినా ఇంటికే.

గంగప్పకు వెంటనే గుర్తొచ్చింది. 212వ నంబరు బీరువాలో లేదు.

అది ఫొటోల ఆల్బం. అట్ట మీద ఎర్రసిరాతో ‘బయటికి ఇయ్యరాదు’ అని రాసింది గంగప్పే. అందులో కుప్పం రైల్వేస్టేషన్లో చింతపండు బస్తాల ముందు నిలబడిన పదకొండుమంది ఫొటో ఒకటుంది. వాళ్లలో చివరివాడు బండి తోలిన చెంగయ్య. అతనికి ఇంకో ఫొటో లేదు. గురువారం అతని భార్య బయ్యమ్మ చౌడేపల్లె నుంచి వచ్చి, “రేపు మాయాయన దినం. మొగం ముందర పెట్టుకోని ఇంత అన్నం పెడతానప్పా” అని చేతులు పట్టుకుంటే, రిజిస్టరులో రాయకుండానే ఇచ్చేశాడు.

చౌడేపల్లె బస్సులో కూర్చుని పదిహేనేళ్లు, వేపాకు, పద్దెనిమిది వందల నలభై మూడు అని మంత్రంలా గొణుక్కుంటూనే ఉన్నాడు.

ఆల్బం భద్రంగానే ఉంది. తెరిచాడు. చెంగయ్య నుదుట గంధం, దానిమీద కుంకుమ. పక్కవాడికీ అంతే. పదకొండుమందికీ అంతే.

“ఇదేందక్కా! అందరికీ పెట్టేసినావే!”

“మాయాయనకొక్కడికే పెడితే మిగతావాళ్లు సూస్తా కూసుంటారా? పంక్తిలో ఒకరికే వడ్డిస్తారా యాడన్నా?”

“నడుమ ఉండేది గోవిందస్వామి శెట్టి. బతికే ఉండాడమ్మా!”

బయ్యమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. “అయ్యో, ఎప్పుడో పొయ్యుంటాడనుకున్న్యా. ఉండప్పా, తడిగుడ్డ తెస్తా.”

“వొద్దొద్దు. తడి తగిలితే మొగమే లేసొస్తాది.” వానకు తడిసిన ఒక ఫొటోను తుడిచి గంగప్ప ఒకసారి అట్లా పాడుచేసి ఉన్నాడు.

పుస్తకశాల పెట్టింది ఆ శెట్టే. పిల్లి ఎదురైతే అంగడికి పోకుండా ఇంట్లోకి తిరిగిపోయే మనిషి. బతికున్నవాడి ఫొటోకు చచ్చినవాళ్లతో పాటు బొట్టు పెట్టారని తెలిస్తే? ఆ రెండు రోజులూ గంగప్పకు ముద్ద దిగలేదు.

సోమవారం ఆఫీసరు లెక్కపెట్టాడు. 212 ఉంది. అన్నీ ఉన్నాయి. గంగప్ప ఊపిరి పీల్చుకోబోయాడు.

“సారుకు మన కుప్పం ఫొటో సూపిస్తా,” అంటూ, అప్పగింతకని వచ్చి కూర్చున్న శెట్టి ఆల్బం తెరిచాడు.

శెట్టి చెయ్యి మెల్లగా తన నుదుటి మీదికి పోయింది. “ఎవరు పెట్టినారు ఇది?”

తెలియదనొచ్చు. ఆ మాట గంగప్ప నాలుక చివరి దాకా వచ్చింది. అంతలో శెట్టి కండువా కొసను చెంబులో ముంచాడు.

“తుడవద్దు సామీ! మొగం పోతాది! ఆల్బం బయటికిచ్చింది నేనే,” అని గంగప్ప అరిచేశాడు. బయ్యమ్మ సంగతీ, ఆమె చెప్పిన పంక్తి మాటా అంతా కక్కేశాడు.

శెట్టి వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. “తిమ్మప్ప పాయె. కుప్పుస్వామి పాయె. మునెప్ప పాయె...” పది వేళ్లూ అయిపోయాయి. కండువా కొస పిండుకున్నాడు. “ఉండనీలే. పంక్తిలోంచి నన్నొకణ్ణే లేపినట్టుంటాది.” కాస్త ఆగి అన్నాడు: “కానీ గంగప్పా, ఇంగ నా మొగం ఎవరికీ ఇయ్యబాక.”

ఆఫీసరు నవ్వలేదు. మెమో రాసి చేతికిచ్చాడు. పర్మనెంటు ఆర్డరు ఆరు నెలలు ఆలస్యంగా వచ్చింది. తర్వాత గంగప్ప తన సర్వీసు చెప్పుకునేటప్పుడు ఆ మెమోను కూడా కలిపే చెప్పేవాడు: “ఒకే ఒక్క మెమో!”

చెప్పుకోనిది ఒకటుంది. శెట్టి ఇంకో ఎనిమిదేళ్లు బతికాడు. ఆ ఎనిమిదేళ్లూ గంగప్ప రోజూ పొద్దున బజారు వీధి చుట్టి వచ్చేవాడు. శెట్టి అంగడి తలుపు తెరిచి ఉందని కళ్లతో చూసుకున్నాకే పుస్తకశాల తాళం తీసేవాడు.