చాచా కట్టిన తెల్లగుడ్డ

పోయిన శుక్రవారం పొద్దున్నే పక్కింటి చాచా కూతురు మా గుమ్మంలో నిలబడింది. చంకలో తెల్లబట్ట ఉంది. "అబ్బా పోయిండు టీచరమ్మా. నువ్వొచ్చి బట్ట కత్తిరియ్యాలె," అంది. ఆ పిల్ల ఏడవలేదు. నేనే ఏడ్చాను. కత్తెర వెతుకుతూ ఏడ్చాను, దొరికాక కూడా ఏడ్చాను.

అప్పటికే మోండా మార్కెట్ వెనక మా గల్లీ జనంతో నిండిపోయింది. ఎవరి నోట విన్నా ఒకటే మాట. "పోలీస్ యాక్షన్ టైంల ఖాకీ దళాన్ని పొగబెట్టి సంపజూసిన మొగోడు." ఎనిమిదేళ్లుగా ఆ మాట మీదే ఆయన మెడలో దండలు వేశారు. అది శుద్ధ అబద్ధం. పుట్టించింది నేను. ఇప్పుడైనా నిజం చెప్పకపోతే మిస్త్రీగా ఆయన పేరును పాడుచేసినదాన్ని నేనే అవుతాను. అందుకని రాస్తున్నాను.

చాచా ఇంజన్ల మిస్త్రీ. నేను మిషన్ బడిలో కుట్టు టీచర్ని. పోలీస్ యాక్షన్ జరిగిన ఏడు ఒక జాగీర్దారుగారి పాత మోటారు పడవ ఆయన చేతికి వచ్చింది. గదులు, అద్దాల కిటికీలు ఉన్న పెద్ద పడవ. హుస్సేన్ సాగర్ ఒడ్డున, సికింద్రాబాద్ వైపు రేకుల షెడ్డులో మొద్దుల మీదికి ఎక్కించారు. చెక్క పుచ్చింది. ఇంజన్ పొగను బయటికి తోసే ఎగ్జాస్టు తుప్పు పట్టి, పట్టుకుంటే చేతికి ఊడివచ్చింది. సరిహద్దులు మూసేసిన రోజులు, విలాయతీ సామాను వచ్చే దారి లేదు. ఇంజన్‌కు బిగించే ముక్కను చాచా పోత పోయించాడు. గదుల కింది నుంచి వెనక్కి పోయే గొట్టానికి పాత లారీల గొట్టాలు కోసి అతికించాడు. వేడి తగలకుండా దాని మీద ఆస్‌బెస్టాస్ గుడ్డ చుట్టి కుట్టే పని నాకు ఇచ్చాడు.

"ఇంజన్ సప్పుడు అందరింటరు. పొగ ఏడికి పోతుందో సూశెటోడే మిస్త్రీ," అనేవాడు. ఆయనకు ఒక పద్ధతి ఉండేది. అతుకు అతుక్కీ ఉతికిన తెల్లగుడ్డ కట్టి, రెండు బీడీలు కాలేంతసేపు ఇంజన్ నడిపేవాడు. తర్వాత గుడ్డలు విప్పి వెలుతురుకు పట్టి చూసేవాడు. ఎక్కడ మసి కనిపించినా అంతా ఊడదీసి మళ్లీ షురూ. చాదస్తమని నేను ఎగతాళి చేస్తే, "నీ సూది నువ్వు సూస్కో బిడ్డా," అని నవ్వేవాడు.

పని సగంలో ఉండగా జాగీర్దారు ఊరు విడిచి వెళ్లిపోయాడు. సర్కారు అండతో ఊళ్ల మీద పడే ఖాకీ చొక్కాల దళం వచ్చి పడవ మాదే అంది. తుపాకులతో సాగర్ మీద తిరుగుతారట. వారం లోపల నడవాలని వాళ్ల నాయకుడు చాచా గడ్డం పట్టుకుని చెప్పి పోయాడు.

అంతకు నెల ముందే అలాంటి దళమొకటి నా తమ్ముణ్ణి చంపింది. జనగామ వైపు ఒక ఊళ్లో బడిపంతులు వాడు. బడి ముందరే కాళ్లు నరికి, నెత్తురంతా పోయేదాకా ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. గోనెపట్టాలో చుట్టి తెచ్చారు. కడిగింది నేనే.

గొట్టం మీద గుడ్డ చుడుతుంటే వంపు అతుకు దగ్గర వెంట్రుకంత పగులు కనిపించింది. చాచాకు చెప్పాలి. చెప్పలేదు. వానాకాలం, కిటికీలు బిగించుకుని కూర్చుంటారు, పొగ పట్టి కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే పోతారు అనుకున్నాను. నాలుగు పొరలు చుట్టి, రెండు వరుసలు కుట్టాను. నిజం చెప్పాలంటే ఆ కుట్టు కుడుతూ సంతోషపడ్డాను.

మరునాడు దళం ఎదుటే చాచా తన గుడ్డలు కట్టి ఇంజన్ నడిపాడు. వంపు దగ్గరి గుడ్డ నల్లబడింది. దాన్ని చూశాడు, కింద నా కుట్టు చూశాడు. "ఎన్నడు లేంది ఈడ రెండు కుట్లేసినవ్," అన్నాడు, నాకు మాత్రమే వినపడేట్టు. ఆయన లేచి నాయకుడి వైపు తిరిగాడు. "కసూర్ నాదే సాబ్, తప్పయింది. గొట్టం పగిలింది. ఇంకో దినం కావాలె."

కావాలని ఆలస్యం చేస్తున్నాడనుకున్నారు. ఇద్దరు పట్టుకుని ఎడమచెయ్యి బల్ల మీద పెట్టించారు. నాయకుడు తుపాకీ మడమతో కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. రెండో దెబ్బకు రెండు వేళ్లు నుజ్జయ్యాయి. కిందపడ్డవాణ్ణి బూటుకాళ్లతో తొక్కారు. ఒక్కసారైనా నా వైపు చూడలేదు చాచా. చూసి ఉంటే నేనేమయ్యేదాన్నో.

వాళ్లు పోయాక ఆయన చేతికి ఆ తెల్లగుడ్డలతోనే కట్టు కడుతూ కోపంతో ఊగిపోయాను.

"ఎందుకు జెప్పినవ్ చాచా? సస్తే సద్దురు గద!"

"ముందుగాల సచ్చేది ఇంజన్ కాడ కూసునే ఖలాసీ. వానికి ముగ్గురు పిల్లలు." నొప్పికి ఆగి ఆగి మాట్లాడాడు. "ఆళ్ల మీద కోపముంటే కత్తి తీస్కొని ఎదురుంగ పో. నేను ఆపను. నా గొట్టం జోలికి రాకు." మసిపట్టిన గుడ్డను నా చేతిలో పెట్టాడు. "ఇది నీ దగ్గరుండనీ."

ఆ సాయంత్రం నేను పానా పట్టుకుంటే, ఒంటిచేత్తో వంపు మార్చాడు. మళ్లీ గుడ్డ కట్టాడు. ఈసారి తెల్లగానే ఉంది.

దళం పడవ ఎక్కనేలేదు. తెల్లారి సైన్యం వస్తున్నదన్న వార్త వచ్చింది. ఖాకీ చొక్కాలు సాగర్‌లో పారేసి ఎటువాళ్లటు పారిపోయారు. రెండు రోజులకు జనం షెడ్డు మీద పడ్డారు. బయటివాళ్లు కాదు, మా మార్కెట్‌వాళ్లే, రోజూ సలాం చెప్పేవాళ్లే. పడవకు నిప్పు పెట్టారు. చాచా కాళ్లకు తాడు కట్టి మంట వైపు ఈడ్చారు. "దళానికి పడవ బాగుచేస్తవారా?" అని ఒకడు గొడ్డలి తిరగేసి వీపు మీద మోదాడు.

నేను పరుగెత్తి అడ్డం పడ్డాను. ఏం చెప్పాలి? ఈయన మీ శత్రువుల ప్రాణం కాపాడబోయాడు అనా? ఆ మాటంటే అక్కడే చంపేవాళ్లు. జాకెట్టులో దాచుకున్న నల్లగుడ్డ తీసి వాళ్ల మొహాన పట్టాను. "పొగబెట్టి ఆళ్లను సంపుదామని గొట్టం పగలగొట్టిండు! గందుకే చెయ్యి ఇరగ్గొట్టిన్రు, సూడున్రి!"

గొడ్డలి కిందికి దిగింది. తాడు విప్పారు. ఈడ్చినవాళ్లే భుజాల మీద ఎత్తుకున్నారు.

చాచా నాతో నెల రోజులు మాట్లాడలేదు. చివరికి ఒకనాడు గోడ అవతల నుంచి అన్నాడు. "పానం కాపాడినవ్, షుక్రియా. గని గసొంటి పని నేను జేసిన అంటివి సూడు... కొట్టిన దెబ్బల కన్న అదే నొస్తుంది."

"అందరికీ నిజం జెప్తా చాచా."

"జెప్తే నిన్ను బడిలకెళ్లి తీసేస్తరు. నీకు ఇంకెవరున్నరు? జానేదో, పోనీ."

ఎనిమిదేళ్లు ఊరుకున్నాడు. "మా లారీకి పొగబెట్టకు చాచా," అని డ్రైవర్లు నవ్వితే తల దించుకుని, ఎడమచేతికి మిగిలిన మూడు వేళ్లతో తెల్లగుడ్డ ముడి వేసేవాడు. నేను కిటికీలోంచి చూసి తలుపు వేసుకునేదాన్ని. నా అంత పిరికిది ఆ గల్లీలో లేదు.

పగులు చూసి దాచింది నేను. పొగబెట్టాలనుకున్నది నేను. ఆయన చేతిలో చెడిన పని ఒక్కటీ బయటికి పోలేదు. బడివాళ్లు ఇది చదివి ఏం చేస్తారో చేయనీ.

శుక్రవారం చాచాను చుట్టబోయే ఆ బట్ట పరిచి కొలుస్తుంటే చాచా కూతురు నా పక్కన కూర్చుంది. "కుట్టొద్దు టీచరమ్మా, కత్తిరిస్తే సాలు. కఫన్‌కు కుట్టుండదు," అంది. కత్తిరించాను. తర్వాత ఎందుకో ఆ బట్టను రెండు చేతులతో ఎత్తి, కిటికీ వెలుతురుకు పట్టి, ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాను. ఎక్కడా మసి లేదు.