గూడ్సు బండి వెళ్లేలోగా

పెట్టె మూత తీయగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. ఒక డిటెక్టివ్ నవల తీసి దులిపితే పేజీల్లోంచి ఎర్ర దుమ్ము ఒళ్లో రాలింది. బస్తర్‌లోని కిరండూల్ ఇనుప గనుల దుమ్ము అది. మా క్వార్టర్ల లైనులో దాన్ని తిట్టుకోని ఆడమనిషి ఉండదు. నేను మాత్రం హాయిగా నవ్వుకున్నాను. ఈ పెట్టె నాకు ఎవరూ ఊరికే ఇవ్వలేదు మరి. వాదించి గెలుచుకున్నాను!

సన్నాసమ్మ అత్త మా క్వార్టర్ల పక్కన రైల్వే గేటు దగ్గర కాపలా ఉండేది. బొబ్బిలి వైపు మనిషి. సెలవు మీద వెళ్లినప్పుడల్లా విజయనగరంలో పాత పుస్తకాల బండిని సగం ఖాళీ చేసి వచ్చేది. డ్యూటీలో ఒక్క పేజీ తిప్పేది కాదు. ఇంటికొస్తే మాత్రం దెయ్యాల కథలు, ప్రేమ నవలలు, పురాణాలు, దేన్నీ వదిలేది కాదు. చదివాక ఆఖరి పేజీలో పెన్సిల్‌తో తీర్పు రాసేది. హిందీ మీడియంలో చదివే నాకు తెలుగు అక్షరాలు దిద్దించింది కూడా ఆమే.

పుస్తకం అడిగితే ఇచ్చేది, కానీ ఒక షరతు. తిరిగిచ్చేటప్పుడు అభిప్రాయం చెప్పాలి. అదీ గేటు పడి, గనుల నుంచి ఖనిజం గూడ్సు వెళ్తున్నప్పుడు! ఇంజన్లు దాటగానే మొదలుపెట్టి, చివరన గార్డు పెట్టె దాటేలోగా ముగించాలి. ఆమె పచ్చజెండా పట్టుకుని, కళ్లు బండి మీదే ఉంచి, చెవి మాత్రం నాకు అప్పగించేది. నాదేమో పిల్లికూన గొంతు.

"బాగుంది అత్తా" అన్నాను మొదటిసారి.

"బాగుందంటే ఏటే? పప్పుచారూ బాగుంటాది, పట్టుచీరా బాగుంటాది. ఆ పుస్తకం నిన్నేటి చేసిందో అది చెప్పు. గట్టిగా చెప్పు, ఇనపడ్డం నేదు!"

తన అభిప్రాయాలకు మాత్రం తిరుగులేదు. "హంతకుడెవుడో తెలిసిపోయినాక కూడా మళ్లీ చదవాలనిపించాల, అదీ డిటెక్టివ్ నవలంటే" అనేది. దెయ్యం గజ్జెలు వినిపించినంతసేపే భయమట, మొహం చూపించిందంటే అదీ మనలాంటి మనిషేనట. ప్రేమ నవలల్లో నాయికలు ఒక్కరూ అంట్లు తోమరని మహా కోపం. వంటల పుస్తకం చదివి ఏడ్చింది, అందులో వాళ్లమ్మ చేసే గుమ్మడికాయ పులుసు ఉందట. కవిత్వమంటే మాత్రం ఒంటికాలి మీద లేచేది. "సగం పేజీ ఖాళీయే! కాగితం దండగ!"

నేను పన్నెండో తరగతిలో ఉండగా ఆమె రిటైరయ్యే వారం వచ్చింది. "వాదనలో నన్నోడించినావంటే నా పుస్తకాల పెట్టి నీది. నేదంటే నాతోపాటు బొబ్బిలి వచ్చెస్తాది" అంది. బస్తర్‌లో ఈ మూల తెలుగు పుస్తకం ఇంకెక్కడ దొరుకుతుంది? దెయ్యాల మీద వాదించి ఓడిపోయాను. ప్రేమ మీద చిత్తుగా ఓడిపోయాను. ఆమె ఆఖరి డ్యూటీ రోజున తెగించి, ఆమె దండగన్న కవితల పుస్తకమే పట్టుకెళ్లాను.

గేటు పడింది. అటూ ఇటూ ఒక జీపు, నాలుగు సైకిళ్లు, ఇప్పపువ్వు గంపలతో ఆడవాళ్లు ఆగారు. ఇంజన్లు దాటాయి.

"అత్తా, బండి వెళ్లిపోయినా నువ్వు వెంటనే గేటెత్తవు. ఎందుకు?" అని అరిచాను.

"చప్పుడు చెవుల్లోంచి పోవాల కదే! రెండు పక్కలా చూడొద్దేటి?"

"కవితలో ఖాళీ కూడా అందుకే! ఒక మాట వెళ్లిపోయాక కాసేపు ఆగమని! కవితల దగ్గర నువ్వు ఆగలేదు అత్తా. చూడకుండా గేటెత్తేశావు!"

పాతికేళ్లు ఆ గేటు కాసిన మనిషితో అన్నానా మాట. నోరు జారానేమో! గార్డు పెట్టె దాటిపోయింది. అత్త ఎప్పట్లాగే రెండు పక్కలా చూసింది. అంతసేపు నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. "అమ్మా, గేట్ ఖోలో!" అని జీపు డ్రైవరు హారన్ మోగించాడు. అప్పుడు గేటెత్తి, దాటుతున్న జనమందరికీ వినబడేలా అరిచింది: "ఓడిపోయానర్రా! ఈ గుంట నన్నోడించీసింది!"

ఆ సాయంత్రమే పెట్టె మా ఇంటికొచ్చింది. ఇప్పుడు నేను టీచర్ని. నా క్లాసులో "బాగుంది" చెల్లదు, చెప్పేదేదో వెనక బెంచీ దాకా వినపడాలి. నా గొంతు మాత్రం బడి గేటు దాకా వినపడుతుందని తోటి టీచర్ల ఫిర్యాదు. వినపడనీ!

పెట్టె అడుగున ఆ కవితల పుస్తకం ఉంది. ఆఖరి పేజీలో "కాగితం దండగ" అన్న తీర్పును అత్త అడ్డంగా కొట్టేసింది. కింద ఇంకేమీ రాయలేదు. మిగతా పేజీ అంతా ఖాళీగా వదిలేసింది.