ఆకు మడవని దొరగారు

అన్నం పెట్టి మనిషిని పడగొట్టిన చరిత్ర నాది. కత్తి పట్టలేదు, కర్ర పట్టలేదు. బొమ్మిడాయల పులుసు, నేతి బూరెలు, గడ్డ పెరుగు: ఇవే నా ఆయుధాలు. ఆ దెబ్బ తిన్నవాడు రెండ్రోజుల్లో లేచి తిరిగాడు. పక్కన కూర్చున్న నేను మాత్రం ఇప్పటికీ తేరుకోలేదు. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. మీరు భోంచేసి చదివితే మంచిది. మధ్యలో నోరూరితే పూచీ నాది కాదు.

నా పేరు బాషా. నేర్పేది భాష, అదీ ఇంగ్లీషు భాష. మా నాన్న ఏలూరులో గడియారాలు బాగుచేసేవారు, నేను ఒక ప్రైవేటు స్కూల్లో వాక్యాలు బాగుచేసేవాణ్ణి. ఆయన బాగుచేసినవి కొన్నాళ్ళైనా సరిగ్గా నడిచేవి.

ఆ ఏడాది వేసవిలో, తాడేపల్లిగూడెంలో ఎవరో ఆస్ట్రేలియా టీచరమ్మను తెచ్చి పెట్టారని మా కరస్పాండెంట్ గారి చెవిన పడింది. దాంతో ఆయనకు కూడూ నిద్రా కరువయ్యాయి. చివరికి ఎవరి ద్వారానో ఐర్లండు నుంచి డానియల్ అనే పాతికేళ్ళ యువకుణ్ణి దింపారు. తెల్లగా, సన్నగా, ట్యూబులైటుకు టై కట్టినట్టుండేవాడు. మర్నాటికల్లా బస్టాండు ముందు మూడంతస్తుల ఎత్తున ఆయన ఫ్లెక్సీ లేచింది.

దాన్ని చూసి డానియల్ నన్నడిగాడు. "బాషా, నా వెనకాల లండన్ గడియారం ఎందుకుంది? మాది వేరే దేశం."

"సముద్రం దాటితే మాకంతా ఒకే ఊరు" అన్నాను.

పాపం, మంచివాడు. పాఠం చెప్పడానికే వచ్చాడు. రోజూ రాత్రి కూర్చుని పాఠాలు తయారుచేసుకునేవాడు, పొద్దున్నే ఆయన్ని ఉత్సవ విగ్రహంలా క్లాసు క్లాసుకీ ఊరేగించేవాళ్ళు. "గుడ్ మార్నింగ్ చిల్డ్రన్" అనగానే ఊరేగింపు ముందుకు కదిలేది. ఆయన తయారుచేసిన పాఠాలు నేను చెప్పేవాణ్ణి. రోడ్డు మీద టీ తాగుదామంటే సెల్ఫీలు అయ్యేసరికి టీ చల్లారేది. ఆటోవాడు మొదలు బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడ దాకా ఆయన్ని "పెళ్ళయిందా అండీ?" అని అడిగినవాళ్ళే.

"నేను పాఠం ఎప్పుడు చెప్పాలి?" అని ఒకరోజు కరస్పాండెంట్ గారినే అడిగేశాడు.

"తొందరేముందండీ, అడ్మిషన్లు కానివ్వండి" అన్నారాయన. తర్వాత నన్ను లోపలికి పిలిచారు.

"బాషా గారూ, ఆదివారం తల్లిదండ్రులందరూ వస్తున్నారు. దొరగారి డెమో క్లాసు. అందాకా ఆయన్ని కంటికి రెప్పలా చూసుకోవాలి."

"అలాగేనండి."

"ఇంగ్లీషుకి హెచ్.ఓ.డి.ని పెడదామనుకుంటున్నానండి ఈ ఏడు. మీరు చాన్నాళ్ళ నుంచీ ఉన్నారు కదా మరి."

నా గుండె గంట కొట్టింది. ఎన్నేళ్ళుగానో ఆ మూడు అక్షరాల కోసం ఎదురుచూస్తున్నాను. నా తర్వాత చేరినవాళ్ళు సైన్సులో, లెక్కల్లో హెచ్.ఓ.డి.లై కుర్చీకి తువ్వాలు వేసుకున్నారు. నాకు తువ్వాలుంది, కుర్చీయే లేదు.

సరిగ్గా అప్పుడే సుబ్బరాజు గారు ఫోన్ చేశారు. ఆయనది కొల్లేటి పక్కన లంక ఊరు, చేపల చెరువుల రైతు. తన కొడుకునే కాదు, ఆ ఊరి పిల్లలందరినీ ఏ స్కూల్లో చేర్చాలో ఆయన మాటే.

"మాస్టారూ, శనివారం దొరగారిని భోజనానికి తీసుకురావాలండి. కాదంటే నామీద ఒట్టే."

కరస్పాండెంట్ గారు సంతోషంగా కారిచ్చారు. మేం బయల్దేరాం. గట్ల మీద కొంగలు, ఎదురుగా నీళ్ళు కార్చుకుంటూ వచ్చే చేపల లారీలు. ఆ రోజు నేను రెండు తెలివైన పనులు చేశాను. రెండూ విడివిడిగా తెలివైనవే, ఆముదమూ ఆవకాయా విడివిడిగా మంచివే అయినట్టు.

మొదటిది, దారిలో డానియల్‌తో ఇలా అన్నాను. "చూడు, మా దగ్గర ఆకులో అన్నం వదిలేస్తే పెట్టినవాళ్ళు బాధపడతారు. మెతుకు మిగల్చకు."

"మా అమ్మా అదే చెప్పేది" అన్నాడు.

రెండోది, వెళ్ళగానే సుబ్బరాజు గారి చెవిలో ఇలా అన్నాను. "ఆయన బాగా మొహమాటస్తుడండి. వద్దంటే నమ్మకండి."

"అయ్య బాబోయ్, మేం నమ్ముతామా అండీ!" అన్నారు సుబ్బరాజు గారు.

చెప్పాల్సిన మూడోది మర్చిపోయాను. చాలనుకున్నవాడు ఆకు మడవాలని చెప్పలేదు. చేపపిల్లకు ఈత నేర్పాలా అంటారు. నిజమే, కానీ ఈ పిల్ల మా చెరువుది కాదు.

అరిటాకులు వేసేదాకా డానియల్ వాళ్ళ ఊరి కబుర్లు ఇంగ్లీషులో చెబుతూనే ఉన్నాడు, సుబ్బరాజు గారు తలాడిస్తూనే ఉన్నారు. ఆకులు వేశారు. కొర్రమీను కూర, రొయ్యల వేపుడు, బొమ్మిడాయల పులుసు. డానియల్ మెతుకు మిగలకుండా తిన్నాడు. ఖాళీ ఆకు కనబడగానే సుబ్బరాజు గారి భార్య మళ్ళీ నింపారు. ఆయన మళ్ళీ ఖాళీ చేశాడు. ఆవిడ మళ్ళీ నింపారు. ఒకరిది మర్యాద, ఇంకొకరిది అంతకు మించిన మర్యాద. మధ్యలో పొట్ట ఒక్కటే.

"నో, థాంక్యూ."

"మొహమాటం! మాస్టారు ముందే చెప్పారులెండి. ఈ తలకాయ ముక్క వేయించుకోండి దొరగారూ" అన్నారు సుబ్బరాజు గారు.

డానియల్ నా వైపు వంగి మెల్లగా అడిగాడు. "బాషా, ఇది ఎక్కడ ఆగుతుంది?"

"పెరుగు దగ్గర."

"పెరుగు ఎప్పుడొస్తుంది?"

"బూరెల తర్వాత."

"బూరెలంటే ఏమిటి?"

నేను చెప్పనక్కర్లేకపోయింది. పళ్ళెం నిండా వచ్చేశాయి. బూరె మధ్యలో వేలితో గుంట పెట్టి నెయ్యి పోశారు. అతిథి అన్న మాటలో ముందు 'అతి' ఎందుకుందో నాకు ఆ రోజే తెలిసింది.

నా సంగతా? పులుసు ఇంకొంచెం వేస్తారేమోనని చూశాను. చిన్న స్టేషన్ను దాటిపోయే ఎక్స్‌ప్రెస్ రైల్లా గిన్నె నన్ను దాటి డానియల్ దగ్గర ఆగింది. నేనే మర్యాదగా ఆకు మడుచుకుని కూర్చున్నాను. ఎవరూ చూడలేదు.

డానియల్ మొహం ఎర్రబడి, తెల్లబడి, కొల్లేటి నాచు రంగుకు తిరిగింది. అప్పుడు సుబ్బరాజు గారి భార్య జాలిగా అన్నారు. "అయ్యో, ఇంకా ఆకు మడవలేదండీ. ఆకలి తీరినట్టు లేదు పాపం."

నా నెత్తిన పిడుగు పడింది. "డానియల్, ఆకు మడిచెయ్!"

గబగబా మడిచాడు. అంతే. గరిటెలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఆయన ఆ ఆకు వైపు, తర్వాత నా వైపు చూశాడు.

"ఇంతేనా?"

"ఇంతే."

"ఇది ముందే చెప్పొచ్చుగా?"

నేను మడిచిన నా ఆకునే ఇంకోసారి మడిచాను.

ఆదివారం పొద్దున డానియల్ ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించుకుంటున్నాడు. హాలు నిండా తల్లిదండ్రులు. కరస్పాండెంట్ గారు చెమటలు తుడుచుకుంటూ వచ్చారు.

"బాషా గారూ, మీరు చేసిన నిర్వాకానికి మీరే క్లాసు చెప్పండి. బాగా చెప్పారనుకోండి, ఆ కుర్చీ మీదే."

చెప్పాను. అబద్ధమెందుకు, నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. భోజనం దగ్గర ఇంగ్లీషులో ఏమేం అనాలో ఆడించి చూపించాను. పిల్లలు పోటీలు పడి చేతులెత్తారు. వెనక వరసలో ఒకావిడ, తను బడి మొహమే చూడలేదట, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి, మొగుడి వైపు తిరిగి "ఇనఫ్, థాంక్యూ" అంది. హాలంతా చప్పట్లు. ఆవిడ కళ్ళు మెరిశాయి. నావి తడిశాయి. ఇన్నేళ్ళూ నేను దీనికోసమేగా ఉన్నది, అనిపించింది.

సుబ్బరాజు గారు లేచి నిలబడ్డారు.

"మాస్టారూ, అద్భుతంగా చెప్పారండి. ఒక్క ముక్క వదలకుండా మొత్తం అర్థమైపోయిందండి నాకు."

"మీ అభిమానమండి" అన్నాను వినయంగా, తువ్వాలు కుర్చీ మీద ఎలా పరవాలో ఆలోచిస్తూ.

"మరి చేపల చెరువు వాణ్ణి, నాకే అర్థమైపోయే ఇంగ్లీషుకి మావాణ్ణి ఇంత ఫీజు కట్టి చేర్చడం ఎందుకండీ? నిన్న దొరగారు మా ఇంట్లో అంతసేపు మాట్లాడారా, ఒక్క మాట అర్థమైతే ఒట్టు. అదండీ ఇంగ్లీషంటే!"

"నిజమేనండోయ్" అన్నారు పక్కవాళ్ళు. చప్పట్లు కొట్టిన చేతులే చెప్పులు వెతుక్కున్నాయి. ఆ లంక ఊరి పిల్లలందరూ తాడేపల్లిగూడెంలో ఆస్ట్రేలియా టీచరమ్మ దగ్గర చేరారు.

డానియల్ కోలుకుని, ఇక్కడ తనకు పాఠం చెప్పే పని లేదని తెలుసుకుని, వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు. నేను ఎక్కడికి వెళ్ళను? హెచ్.ఓ.డి. సంగతి అడిగితే కరస్పాండెంట్ గారు ఎంతో మర్యాదగా "చూద్దామండి" అన్నారు. మా గోదావరి మర్యాదలో చూద్దామండీ అంటే, ఇక మొహం కూడా చూడనని అర్థం.

కాబట్టి సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను. తిన్న అన్నం మీద ఒట్టు, ఇక ఈ జన్మలో ఎవరికీ కొసరి వడ్డించను, వడ్డించమని చెప్పను. అంతకంటే గట్టి ఒట్టు ఇంకొకటి: ఫీజు కట్టే తల్లిదండ్రులు ఎదురుగా ఉండగా, పొరపాటున కూడా, ఒక్క ముక్క అర్థమయ్యేలా ఇంగ్లీషు చెప్పను.